కౌన్సెలింగ్ ప్రాక్టీసుకి వెబ్‌సైట్: ఏ పేజీలు, ఫారంలో ఏం అడగాలి, బుకింగ్ పెట్టాలా?

కొత్త_గది:
నమస్కారమండీ. ఒక్కరే నడిపే కౌన్సెలింగ్ ప్రాక్టీసుకి సైటు ప్లాన్ చేస్తున్నాను. నేరుగా వచ్చేవాళ్లకీ, వీడియోలో మాట్లాడేవాళ్లకీ సెషన్లు ఉంటాయి. వర్డ్‌ప్రెస్ (సైటు కట్టుకునే సాఫ్ట్‌వేర్) అనుకుంటున్నా. ప్రస్తుతానికి కాగితం మీద ఉన్న పేజీలు: హోమ్, నా గురించి, సేవలు, బ్లాగు, గ్యాలరీ, క్లయింట్ల అభిప్రాయాలు, కాంటాక్ట్.

నా సందేహాలు ఇవీ:
1. వీటిలో ఏవి ఉండాలి, ఏవి తీసెయ్యాలి?
2. సమస్య ఏంటి, ఎన్నాళ్లుగా ఉంది, మందులేమైనా వాడుతున్నారా అన్నవి కాంటాక్ట్ ఫారంలోనే అడిగేస్తే మొదటి సెషన్లో టైం కలిసొస్తుందా?
3. ఎవరైనా నేరుగా స్లాట్ బుక్ చేసుకునే వీలు పెట్టొచ్చా?
4. తర్వాత ప్రకటనలు ఇవ్వాలని ఉంది. ట్రాకింగ్ ఏం పెట్టాలి?

వెబ్‌పని:
రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా సైటంతా దాన్నిబట్టే మారుతుంది. ఫారంలో అవేవీ అడక్కండి.

ఆ ఫారంలో పడిన ఒక్క మెసేజ్ ఎన్నిచోట్ల మిగులుతుందో చూడండి. చాలా ఫారం ప్లగిన్లు (వర్డ్‌ప్రెస్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు) ఒక కాపీని సైటు డేటాబేస్‌లో దాచుకుంటాయి. ఇంకోటి మీ ఇన్‌బాక్స్‌కి వస్తుంది. దాని మొదటి రెండు లైన్లు ఫోన్ లాక్ స్క్రీన్ మీద కనిపించొచ్చు. హోస్టింగ్ వాళ్లు తీసే బ్యాకప్‌లో మరో కాపీ ఉంటుంది. మీరు ఇన్‌బాక్స్‌లో డిలీట్ కొట్టినా మిగతా చోట్ల అది అలాగే ఉంటుంది. మందుల జాబితా, ఆత్మహత్య ఆలోచనలు, భర్త మీద ఫిర్యాదు లాంటివి అక్కడ పడి ఉండటం ఎవరికీ మంచిది కాదు. కాంటాక్ట్ ఫారం 7 అనే ప్లగిన్ తనంతట తాను డేటాబేస్‌లో దాచదు గానీ ఫ్లెమింగో లాంటి తోడు ప్లగిన్ కలిపితే దాస్తుంది. ఏది వాడినా సెట్టింగుల్లో ఎంట్రీలు దాచే ఆప్షన్ ఉందేమో వెతికి ఆపెయ్యండి. ఆపడం కుదరకపోతే 30 రోజులకి వాటంతటవే పోయేలా పెట్టండి.

ఫారంలో ఇవి చాలు: ఏ పేరుతో పిలవాలి, ఫోన్ లేదా ఈమెయిల్ (రెండూ తప్పనిసరి చెయ్యొద్దు), ఏ వేళ సంప్రదించాలి, మెసేజ్ వదిలితే ఇబ్బందేమైనా ఉందా, సెషన్ నేరుగానా వీడియోలోనా. వీడియో అయితే సెషన్ టైంలో వాళ్లు ఏ ప్రాంతంలో ఉంటారో కూడా అడగండి. చాలాచోట్ల లైసెన్స్ నిబంధనలు క్లయింట్ ఉన్న చోటుని బట్టే వర్తిస్తాయి. ఇంకేమైనా చెప్పాలనుకుంటే రాయడానికి 300 అక్షరాలకి మించని పెట్టె ఒకటి ఇవ్వండి, దాని పైన “వివరాలు ఇక్కడ రాయనక్కర్లేదు, కలిసినప్పుడు మాట్లాడుకుందాం” అని ఉండాలి. మీరు అడగదలచుకున్న వివరాలన్నీ ఇన్‌టేక్ ఫారంలోకి (కొత్త క్లయింట్ చేరేటప్పుడు నింపేది) వెళ్లాలి. ఆ ఫారం వర్డ్‌ప్రెస్‌లో వద్దు, క్లయింట్ రికార్డుల కోసం చేసిన సాఫ్ట్‌వేర్‌లో పెట్టి అపాయింట్‌మెంట్ ఖాయమయ్యాక లింకు పంపండి.

ఫారం మెయిల్ మీకు చేరకుండా పోవడం మామూలుగా జరిగే పొరపాటు. ప్లగిన్ మెయిల్ పంపేటప్పుడు ‘ఫ్రమ్’ గడిలో అవతలివాళ్ల అడ్రస్ పెడితే, అది మీ సర్వర్ నుంచి వెళ్తున్న దొంగ మెయిల్ లాగా కనిపిస్తుంది. పంపినవాళ్లు అసలువాళ్లేనా అని చూసే డీమార్క్ తనిఖీలో ఫెయిలై స్పామ్‌లోకి పోతుంది, లేదా అసలు రానే రాదు. ‘ఫ్రమ్’లో మీ డొమైన్ అడ్రసే ఉండాలి. అవతలివాళ్లది ‘రిప్లై-టు’లో పెట్టండి. సర్వర్ సొంత మెయిల్ ఫంక్షన్ మీద ఆధారపడకుండా ఎస్‌ఎంటీపీ ద్వారా (మీ మెయిల్ ఖాతాలోకి లాగిన్ అయి పంపే పద్ధతి) పంపించండి, మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు మూడూ డొమైన్‌కి చేర్చండి. తర్వాత కనీసం ఇద్దరు వేరువేరు మెయిల్ ప్రొవైడర్ల అడ్రసులతో ఫారం నింపి చూడండి. ప్రతి నెలా ఒకసారి మళ్లీ చూడండి. వేరే వ్యాపారంలో అయితే జవాబు రాలేదని ఇంకోసారి ఫోన్ చేస్తారు. ఇక్కడ ధైర్యం కూడగట్టుకుని రాసిన మనిషి, “నన్ను వద్దనుకున్నారు” అనుకుని ఊరుకుంటారు.

ఆటో రిప్లైలో వాళ్లు రాసింది తిరిగి చూపించకండి. ఆ ఇన్‌బాక్స్ ఇంట్లో ఇంకెవరైనా చూస్తుండొచ్చు. సబ్జెక్ట్ “మీ మెసేజ్ అందింది” అని ఉంటే చాలు, లోపల ఎన్ని పనిదినాల్లో జవాబిస్తారో అంకెతో చెప్పండి.

పేజీల సంగతి: గ్యాలరీ తీసెయ్యండి. గదివి, బయటి తలుపుదీ రెండు మూడు ఫొటోలు కాంటాక్ట్ పేజీలో పెట్టండి, మొదటిసారి వచ్చేవాళ్లకి చోటు గుర్తుపట్టడానికి పనికొస్తాయి. బ్లాగు రాసే ఓపిక లేకపోతే దాన్ని మొదలుపెట్టకండి. ఆఖరి పోస్టు రెండేళ్ల కిందటిదైతే ప్రాక్టీసు మూతపడిందా అని అనుమానం వస్తుంది. లేనివి రెండు చేర్చండి: ఫీజులు, మొదటి సెషన్లో ఏం జరుగుతుంది. ఫీజుల పేజీలో సెషన్ ఎన్ని నిమిషాలు, ఎంత, ఎలా చెల్లించాలి, ఎన్ని గంటల ముందు రద్దు చేస్తే ఛార్జీ ఉండదు అన్నవన్నీ ఉండాలి. “ఫీజు వివరాలకు సంప్రదించండి” అని రాస్తే చాలామంది అక్కడే వెనక్కి తిరుగుతారు.

నోట్‌బుక్:
వెబ్‌పని గారు చెప్పినదానికి కలుపుతున్నా. క్లయింట్ల అభిప్రాయాల పేజీ పూర్తిగా వదిలెయ్యండి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నీతి నియమావళి 5.05 ప్రకారం ప్రస్తుత థెరపీ క్లయింట్లని ప్రశంసలు రాయమని అడగకూడదు. అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ 2014 నియమావళి పాత క్లయింట్లని కూడా కలిపింది. మీకు వేరే సంస్థ నియమావళి వర్తిస్తే దాన్ని తెరిచి చదవండి, కానీ కారణం ఎక్కడైనా ఒకటే. మీ మీద ఆధారపడిన మనిషి “లేదు” అనలేరు. ఇంకోటి, మ్యాప్స్‌లో ఎవరైనా ఘాటుగా రివ్యూ రాస్తే “మీరు మూడు సెషన్లకే మానేశారు కదా” అని జవాబివ్వకండి. “ధన్యవాదాలు, మళ్లీ రండి” అన్నా సరే, ఆ మనిషి మీ క్లయింటని మీరే ఊరందరికీ చెప్పినట్టు.

“నా గురించి” పేజీలో డిగ్రీ, లైసెన్స్ నంబరు, దాన్ని ఎక్కడ సరిచూసుకోవచ్చో ఉండాలి. ఏ సమస్యలు మీరు చూడరో కూడా రాయండి. ఆ ఒక్క లైను వల్ల తప్పుడు ఫోన్లు సగం తగ్గినట్టే. సేవల పేజీలో 18 సమస్యల జాబితా పెడితే అది మెనూ కార్డులా ఉంటుంది, ఎవరికీ తమ సంగతి కనబడదు. మీరు ఎక్కువగా చేసే మూడు నాలుగింటికి విడివిడి పేజీలు రాయండి. “కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ” అన్న శీర్షిక కంటే “రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టట్లేదా” అన్న మాట త్వరగా తగులుతుంది. పద్ధతి పేరు కింద ఎక్కడో రాసుకోవచ్చు.

బుకింగ్ విషయం. కొత్తవాళ్లకి మామూలు సెషన్ స్లాట్ తెరవకండి. 15 నిమిషాల పరిచయ కాల్ మాత్రమే బుక్ చేసుకోనివ్వండి. మీ పరిధి దాటిన కేసు అయితే ఆ కాల్‌లోనే తెలిసి, సరైన చోటికి పంపగలుగుతారు. సెట్టింగుల్లో: సెషన్ 50 నిమిషాలు, తర్వాత 10–15 నిమిషాల ఖాళీ, కనీసం 24 గంటల ముందు బుకింగ్, మూడు నాలుగు వారాలకి మించి ముందుకి తెరవకుండా. రోజుకి గరిష్ఠ సంఖ్య కూడా పెట్టాలి, లేదంటే ఒకే రోజు ఏడు సెషన్లు వచ్చి పడతాయి.

అత్యవసర సూచన మర్చిపోవద్దు: ఇది అత్యవసర సేవ కాదు, ప్రాణాపాయం ఉంటే ఫలానా నంబరుకి ఫోన్ చెయ్యండి అని. ఫుటర్‌లో (పేజీ అడుగు భాగంలో) ఒక్కచోట పెట్టి ఊరుకుంటే చాలదు. ఫారం పైన, ఫారం పంపాక వచ్చే పేజీలో, ఆటో రిప్లైలో కూడా ఉండాలి. నంబరు నొక్కితే డయల్ అయ్యేలా చెయ్యండి. అవి పనిచేస్తున్నాయో లేదో ఆరునెలలకోసారి సరిచూడాలి.

పిక్సెల్_పీకుడు:
నాలుగోదానికి నా జవాబు: ప్రకటన కంపెనీ పిక్సెల్ (సైటుకి ఎవరొచ్చారో వాళ్లకి చెప్పే చిన్న కోడ్) ఏదీ ఈ సైటులో పెట్టకండి. పిక్సెల్ పేజీ తెరుచుకున్న ప్రతిసారీ ఆ పేజీ అడ్రసు, ఐపీ, కుకీ అటువైపు పంపుతుంది. సైటులో “మద్యం అలవాటు” అనే పేజీ ఉంటే, ఎవరు దాన్ని చూశారో ప్రకటనల కంపెనీకి చేరిందన్నమాట. ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ బెటర్‌హెల్ప్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో చర్య తీసుకుంది కూడా ఇలాంటి సమాచారం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ వంటివాటికి ఇచ్చారనే. 78 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. పైగా సైటు చూసి వెళ్లినవాళ్ల వెంట మళ్లీ ప్రకటనలు పంపడానికి ఆరోగ్య విషయాల్లో గూగుల్ నిబంధనలే ఒప్పుకోవు, కాబట్టి పిక్సెల్ వల్ల మీకొచ్చే లాభం కూడా తక్కువే.

ప్రకటనకి విడిగా ఒక పేజీ చేసి దాన్ని మెనూలో కలపకండి. సర్వర్ లాగ్‌లో (ఏ పేజీ ఎన్నిసార్లు తెరిచారో సర్వర్ రాసుకునే చిట్టా) ఆ పేజీ లెక్క చూసుకుంటే సరిపోతుంది. పరిచయ కాల్‌లో “మా గురించి ఎలా తెలిసింది” అని అడిగితే మిగతాది తెలుస్తుంది.

తెలియకుండా దూరేవి ఇంకొన్ని ఉంటాయి. బయటి సర్వర్ నుంచి వచ్చే ఫాంట్లు (దింపుకుని మీ సర్వర్‌లోనే పెట్టుకోండి), పేజీలో అతికించిన మ్యాప్ (బొమ్మ పెట్టి లింకు ఇవ్వండి), అలాగే అతికించిన వీడియో (నొక్కాకే లోడయ్యేలా), చాట్ విడ్జెట్ (వద్దే వద్దు). పరీక్ష తేలిక: ప్రైవేట్ విండోలో సైటు తెరిచి డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ చూడండి. మీ డొమైన్ కానిది ఏది కనిపించినా అది ఎందుకుందో మీరు చెప్పగలగాలి.

డొమైన్ పేరు ఎంచుకునేటప్పుడు ఒక మాట. హెచ్‌టీటీపీఎస్ (బ్రౌజర్‌కీ సైటుకీ మధ్య సమాచారాన్ని దాచి పంపే పద్ధతి) ఉన్నా పేజీ అడ్రసులో స్లాష్ తర్వాతి భాగమే దాగుతుంది. డొమైన్ పేరు, దాని ముందుండే సబ్‌డొమైన్ సాధారణంగా వైఫై నడిపేవాళ్లకి కనిపిస్తాయి. అందుకని “డిప్రెషన్”, “విడాకులు” లాంటి పదాలు డొమైన్‌లో వద్దు, సమస్యకో సబ్‌డొమైన్ అసలే వద్దు.

కొత్త_గది:
చాలా ఉపయోగపడింది, ముగ్గురికీ ధన్యవాదాలు. గ్యాలరీ, అభిప్రాయాలు కొట్టేశాను. ఇంకో రెండు: బుకింగ్ రిమైండర్లలో ఏం రాయాలి? ఒక్క నొక్కుతో సైటు వదిలి వెళ్లే “త్వరగా బయటకి” బటన్ పెట్టాలా?

వెబ్‌పని:
రిమైండర్‌లో “అపాయింట్‌మెంట్ రేపు 4:30కి” అంటే చాలు. పంపినవాళ్ల పేరు, క్యాలెండర్ ఆహ్వానం శీర్షిక కూడా అలాగే ఉండాలి, “దంపతుల కౌన్సెలింగ్” అని పడకూడదు. మీ క్యాలెండర్‌తో సింక్ చేస్తే అటువైపు క్లయింట్ పూర్తి పేరు వెళ్తుందేమో చూసి పొడి అక్షరాలకి మార్చండి. వీడియో సెషన్లకి టైం జోన్ పేరు పక్కనే రాయండి. గడియారాలు ముందుకీ వెనక్కీ జరిపే ప్రాంతాల క్లయింట్లతో ఏడాదికి రెండుసార్లు గంట తేడా వస్తుంది.

బటన్ సంగతి: గృహహింస మీద పేజీ ఉంటేనే పెట్టండి. అది ఆ పేజీని వాతావరణం లాంటి మామూలు సైటుతో మార్చేస్తుంది, వెనక్కి బటన్ నొక్కినా ఆ పేజీ రాదు. కానీ బ్రౌజర్ హిస్టరీ చెరగదు. ఆ మాట బటన్ పక్కనే రాయకపోతే అది లేని భద్రతని నమ్మించినట్టే.

సైటు తెరిచే ముందు చూడాల్సినవి: వర్డ్‌ప్రెస్‌లో “సెర్చ్ ఇంజిన్లు చూడొద్దు” అన్న గడిలో టిక్కు తీశారా (నెలల తరబడి మర్చిపోయేది ఇదే), డొమైన్ డిజైనర్ పేరు మీద కాకుండా మీ పేరు మీద ఉందా, బ్యాకప్ నుంచి సైటుని ఒక్కసారైనా తిరిగి నిలబెట్టి చూశారా. ఇక రంగులు అడగబోతున్నారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా: ఈ రంగంలో అందరికీ లేత ఆకుపచ్చ, లేత బూడిద మీదే మనసు. తెలుపు మీద మామూలు సైజు అక్షరాలకి 4.5:1 కాంట్రాస్ట్ (అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా) ఉండాలి. #777777 బూడిద రంగు 4.48 దగ్గర ఆగిపోతుంది, #767676 గట్టెక్కుతుంది. లేత రంగులు నేపథ్యానికి వాడుకోండి, అక్షరాలకి ముదురువే.

నోట్‌బుక్:
రిమైండర్లు ఏ నంబరుకి పంపాలో కూడా పరిచయ కాల్‌లోనే అడగండి. ఫారంలో ఇచ్చిన నంబరు ఎప్పుడూ వాళ్లదే అయ్యుండదు.