పైథాన్ ప్రోగ్రాముకూ ఆర్డుయినోకూ మధ్య సీరియల్ పోర్టు: మొదటి ఆదేశం అందడం లేదు, అంకెలు విరిగి వస్తున్నాయి

మట్టితేమ:
నమస్కారం. మొక్కల నర్సరీ కోసం చేస్తున్న పరికరంలో ఆర్డుయినో యునో బోర్డు (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు) ఉష్ణోగ్రతను కంప్యూటర్‌కు పంపుతూ ఉంటుంది; పైసీరియల్‌తో (సీరియల్ పోర్టును వాడుకునే పైథాన్ లైబ్రరీ) రాసిన ప్రోగ్రాము దాన్ని తెరపై చూపి, వేడి పెరిగితే ఫ్యాను వేయమని ఆదేశం పంపాలి. వేగం రెండు వైపులా సెకనుకు 115200 బిట్లు. ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లోని సీరియల్ మానిటర్‌లో అంతా సవ్యంగానే ఉంది. మా ప్రోగ్రాములో మాత్రం పోర్టు తెరవగానే పంపిన ఆదేశం బోర్డుకు చేరడం లేదు. పైగా 27.45 అని రావలసినది అప్పుడప్పుడు 27 ఒకసారి, .45 మరోసారి వస్తోంది. కేబుల్ మార్చినా ఫలితం లేదు.

గోదారిగట్టు:
వేగాన్ని 9600కు తగ్గించి చూడండి. 16 మెగాహెర్ట్జ్ గడియారంతో 115200 కచ్చితంగా రాదు, దాదాపు 2.1 శాతం తేడా ఉంటుంది.

పాతపోర్టు:
ఆ తేడా నిజమే కానీ, యునోలో యూఎస్‌బీ వైపు ఉన్న చిప్ కూడా 16 మెగాహెర్ట్జ్ మీదే నడుస్తుంది కాబట్టి రెండింటి తప్పూ ఒకటే అయి సరిపోతుంది. వేగం కుదరకపోతే పిచ్చి అక్షరాలు వస్తాయి. ఇక్కడ అంకెలు శుభ్రంగానే వచ్చి, మధ్యలో తెగుతున్నాయి. కాబట్టి కారణం వేరే ఉంది, అదీ రెండు విడివిడి కారణాలు.

మొదటిది రీసెట్. పైసీరియల్ పోర్టు తెరిచినప్పుడు డీటీఆర్ గీత (కంప్యూటర్ సిద్ధంగా ఉందని తెలిపే సంకేతపు తీగ) మారుతుంది, ఆ మార్పు 100 నానోఫారడ్ కెపాసిటర్ ద్వారా చిప్ రీసెట్ కాలికి (పిన్‌కు) చేరుతుంది. బోర్డు మళ్ళీ మొదలై, బూట్‌లోడర్ (బోర్డు మొదలవగానే ముందుగా నడిచే చిన్న ప్రోగ్రాము) ముగిసి, మీ ప్రోగ్రాము నడవడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది. ఈలోగా పంపినది పోయినట్టే. సీరియల్ మానిటర్ తెరిచినా ఇదే జరుగుతుంది, అయితే మనం టైపు చేసేసరికి బోర్డు సిద్ధమై ఉంటుంది గనుక తేడా తెలియదు. రెండు సెకన్లు ఆగమని కోడులో రాయడం కన్నా, సెటప్ చివర బోర్డు చేత "సిద్ధం" వంటి ఒక వరుస పంపించి, అది అందాకే ఆదేశాలు మొదలుపెట్టడం నమ్మకమైన పద్ధతి.

రెండవది చదివే తీరు. సీరియల్ గీత మీద సందేశాలు రావు, బైట్లు వస్తాయి. ఒక్కో బైటుకు స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి పది బిట్లు పడతాయి కాబట్టి 115200 వేగంలో బైటుకు సుమారు 87 మైక్రోసెకన్లు. మీ ప్రోగ్రాము "ఎన్ని వచ్చాయో అన్నీ ఇవ్వు" అని అడిగిన క్షణానికి 27 మాత్రమే చేరి ఉండవచ్చు. వచ్చినవన్నీ ఒక బఫర్‌లో (తాత్కాలికంగా దాచే చోటులో) పోగుచేసి, కొత్త వరుస గుర్తు కనిపించాకే ఆ ముక్కను సంఖ్యగా మార్చండి. ఒక వరుస మొత్తం చదివే రీడ్‌లైన్ వాడినా టైమ్‌అవుట్ అయితే (ఆగాల్సిన గడువు దాటితే) సగం వరుసే తిరిగి ఇస్తుంది, కాబట్టి సొంత బఫర్ తప్పదు.

ఎర్రవైరు:
ఎదురు దిశలోనూ జాగ్రత్త అవసరం. యునో అందుకునే బఫర్ 64 బైట్లే. మీరు ఆపకుండా పంపితే ఈ వేగంలో అది ఆరు మిల్లీసెకన్లలోపే నిండిపోతుంది. లూప్‌లో డిలే(1000), అంటే ఒక సెకను ఆగమనే ఆదేశం, ఉంటే, ఆ సెకనులో వచ్చిన అదనపు బైట్లు ఏ హెచ్చరికా లేకుండా పోతాయి. డిలే తీసేసి మిల్లీస్‌తో (బోర్డు మొదలై ఎన్ని మిల్లీసెకన్లయిందో చెప్పే ఫంక్షన్) సమయం చూసుకోండి.

నల్లరేగడి:
డీటీఆర్ విషయంలో సీ షార్ప్ భాష వాడేవారికి దీనికి విరుద్ధమైన అనుభవం ఎదురవుతుంది. ఆ భాష నడిచే డాట్‌నెట్‌లో డీటీఆర్ మొదట ఆఫ్‌లో ఉంటుంది. లియొనార్డో వంటి నేరుగా యూఎస్‌బీ ఉన్న బోర్డులు డీటీఆర్ లేకపోతే వినేవారెవరూ లేరనుకుని డేటా పంపవు. మానిటర్‌లో పనిచేసి సొంత ప్రోగ్రాములో మౌనంగా ఉంటే ముందుగా డీటీఆర్ ఎనేబుల్‌ను ట్రూ చేయండి.

లినక్స్‌లో అనుమతి లేదన్న సందేశం వస్తే మీ ఖాతాను డయలౌట్ గుంపులో (సాధారణంగా సీరియల్ పోర్టు వాడే అనుమతి ఉన్న వాడుకరుల గుంపు) చేర్చి, ఒకసారి లాగౌట్ అయి రావాలి.

మట్టితేమ:
"సిద్ధం" వరుస, బఫర్ రెండూ పెట్టాను. ఆదేశం అందుతోంది, అంకెలు తెగడం లేదు. ఒక్కటే మిగిలింది: ఫ్యాను మొదలైన క్షణంలో అప్పుడప్పుడు పోర్టే మాయమవుతోంది. ఫ్యానుకు కరెంటు బోర్డు 5 వోల్టుల కాలి నుంచే ట్రాన్సిస్టర్ ద్వారా ఇస్తున్నాము.

పాతపోర్టు:
అది కోడు దోషం కాదు. మోటారు మొదట లాగే కరెంటుకు 5 వోల్టులు పడిపోయి, యూఎస్‌బీ చిప్ కూడా ఆగి మళ్ళీ మొదలవుతోంది. ఫ్యానుకు వేరే సప్లై ఇచ్చి, రెండు గ్రౌండ్లనూ కలపండి. మోటారుకు అడ్డంగా ఒక డయోడ్ తప్పక పెట్టండి. దాని గీత ఉన్న కొస ప్లస్ వైపు ఉండాలి.