షుల్ౘ అనాలా, షుల్ట్స అనాలా?

అట్టమీదిపేరు: 1740ల్లో జర్మనీలోని హాలెలో తెలుగు అచ్చువేయించిన మిషనరీ బెంజమిన్ ఇంటిపేరు ఎలా రాయాలి? దానర్థం ‘అప్పు పిలిచేవాడు’ అని చదివిన ముక్కొకటి నోట్లో ఆడుతోంది. అప్పును పిలవడమేమిటి?

నిఘంటుపురుగు: పిలవడం కాదు, కట్టమనడం. అసలు మాట షుల్ట్‌హైస్. షుల్ట్ అంటే బాకీ. హైస్‌కి పూర్వం పిలవడం, ఆజ్ఞాపించడం రెండూ ఉన్నాయి, ఇక్కడ రెండోదే. శిస్తు రాబట్టే ఊరిపెద్ద అన్నమాట. అరిగి అరిగి షుల్ట్స అయింది.

దంత్యచకారం: ౘలిలో ఉన్న ౘ మనకుండగా ట్స ఎందుకండీ?

నిఘంటుపురుగు: చివర ఉన్నది ఎత్వం మాస్టారూ. ఎత్వం ముందు మనకు తాలవ్యమే, చెట్టులో చ లాగ.

దంత్యచకారం: నొక్కి పలకని ఎత్వం. వినడానికి అత్వమే.

ఓడర్‌గట్టు: ట్సా, టా అన్న ఆ హల్లే ఊరు చెబుతుంది. దక్షిణాన ‘హైసెన్’, ఉత్తరాన ‘హేటెన్’. అందుకే వాయవ్యాన వెస్ట్‌ఫాలియాలో షుల్టె, తూర్పున సైలీషియాలో షోల్ట్స్. 12–14 శతాబ్దాల్లో తూర్పుకు జనాన్ని తీసుకెళ్ళి ఊరు కట్టినవాడికి ఈ పదవి వంశపారంపర్యం. పన్నులేని పొలం, జరిమానాల్లో మూడో వంతు కూడా. ఊరికొకడు కనక అందరిదీ ఒకే వంశం కాదు, మన కరణంవారిలాగే. బెంజమిన్ 1689లో పుట్టిన సోనెన్‌బుర్గ్ ఓడర్ నదికి తూర్పునే, ఇప్పుడు పోలండ్‌లో. 1945 తర్వాత సైలీషియా జర్మన్లను వెళ్ళగొట్టారు, షోల్ట్స్‌లు పడమటికి చెదిరారు. నేటి ఫోన్ డైరెక్టరీ చూసి పుట్టిల్లు తేల్చకండి.

పాతరికార్డు: అమెరికా వెళ్ళినవాళ్ళకైతే 1900, 1920 జనాభా లెక్కల సౌండెక్స్ సూచికలు చూడాలి, అంటే ఇంటిపేరును ధ్వనిని బట్టి ఒక అక్షరం, మూడంకెల కోడుగా మార్చి పేర్చినవి. షుల్ట్స స్పెల్లింగులో టీ (t) లేకపోతే (Schulze) ఎస్ 420, ఉంటే (Schultze) ఎస్ 432. షోల్ట్స్ (Scholz) కూడా 420లోనే, షుల్టె (Schulte) 430లో. గుమాస్తా ఒక్క టీ చేర్చినా మనిషి వేరే పెట్టెలో పడతాడు. మూడూ తిప్పందే లేడనకూడదు.

చాటుప్రియ: బాకీ అనగానే శ్రీనాథుడే! బొడ్డుపల్లె గుత్తకు తీసుకుని, పంట కృష్ణపాలై, ఏడు నూర్ల టంకాలు కట్టలేకపోయాడు కదా. ఆ చాటువులో ‘బొడ్డుపల్లెను గొడ్డేరి మోసపోతి’ అన్నాడే, ‘గొడ్డేరి’ ఏమిటి? నాగలి ఏరా, ఏరుకోవడమా?

దంత్యచకారం: నాగలే. ఏరువాక లేదూ?

నిఘంటుపురుగు: ముందు అది రేఫో (ర) శకటరేఫమో (ఱ) తేల్చండి.

అట్టమీదిపేరు: అది సరేనండీ, నేను ౘ రాయనా, ట్స రాయనా?