నవోదయ పరీక్షకు పాపను ఇంట్లోనే ఎలా తయారుచేయాలి?

అందరికీ నమస్కారం. మాది కర్నూలు జిల్లా, కోడుమూరు దగ్గర పల్లె. మా పాప ఐదో తరగతి, ఈసారి బనవాసి నవోదయ స్కూల్లో (కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి) ఆరో తరగతి సీటు కోసం పరీక్ష రాయిస్తున్నాం. లెక్కలు, తెలుగు పేరాలు బాగానే చేస్తుంది గానీ బొమ్మల ప్రశ్నలే రావడం లేదు, అద్దంలో బొమ్మ ఎలా కనిపిస్తుందని అడిగితే నా బొట్టు పెట్టుకునే అద్దం తెచ్చి పుస్తకం పక్కన నిలబెట్టి చూసి చెప్తుంది, అద్దం తీసేస్తే తప్పు. 80 ప్రశ్నల్లో 40 అవే, 100 మార్కుల్లో 50! కోచింగ్‌కు రోజూ కర్నూలు బస్సెక్కించడానికి మనసొప్పడం లేదు. ఇంట్లోనే నేర్పించినవాళ్లు రోజుకు ఎంతసేపు, ఎలా చేయించారో చెప్పండి. నిన్న రాత్రి నేను గట్టిగా అనేసరికి పుస్తకం మూసేసి ఏడ్చింది, నాకూ నిద్ర పట్టలేదు. టెన్షన్ పెట్టకుండా నేర్పే దారి కావాలి.