త్రివక్రలో మూడో వంకర ఎక్కడ?

ప్రశ్న: మథురలో కృష్ణుడికి చందనం ఇచ్చిన గూని స్త్రీ కుబ్జ ఘట్టాన్ని మా తాతగారు పురాణంగా చెప్పేవారు. ఆమె పేరు త్రివక్ర అంటూ మెడ, నడుము అని రెండు వంకరలు చెప్పేవారు. మూడోది వీపు అనేవారో మోకాలు అనేవారో ఎంత తలచుకున్నా స్ఫురించడం లేదు. పెద్దలు ఏమంటారు?

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని: సంస్కృత భాగవత మూలంలో త్రివక్ర అన్నది ఆమె స్వయంగా చెప్పుకున్న పేరు, వంకరల చోట్లు అక్కడ లేవు. పౌరాణికులు సాధారణంగా మెడ, రొమ్ము, నడుము అంటారు. నాకు మాత్రం సంఖ్య కంటే ‘వక్ర’ శబ్దమే ముఖ్యం. వంపు అంటే సొగసు కూడా కావచ్చు, వక్రం అంటే సరళత తప్పినదే. పోతన ఈ ఘట్టంలో ఆమె రూపంలోని లోపాన్నీ మాటలోని సొంపునూ పక్కపక్కన నిలిపిన తీరును ముందు చూడాలని నా మనవి.

ఎముకల వైద్యుడు: అమ్మా, వంపు దోషం కాదన్న మీ మాటను శరీరనిర్మాణం కూడా సమర్థిస్తుంది. నిటారుగా నిలబడ్డ మనిషిని పక్కనుంచి చూస్తే వెన్నులో నాలుగు వంపులు కనిపిస్తాయి. మెడలోని 7 పూసలు, నడుములోని 5 పూసలు ముందుకు ఉబికి ఉంటే, రొమ్ము వెనకనున్న 12 పూసలు, నడుము కింద పూసలు ఒకటిగా అతుక్కుపోయిన త్రికాస్థి వెనక్కి వంగి ఉంటాయి. వెనకటి వంపులు రెండూ పుట్టుకతో ఉన్నవి. మెడవంపు బిడ్డ తల నిలపడం నేర్చుకున్నప్పుడూ, నడుమువంపు కూర్చుని, నిలబడి, నడక నేర్చుకుంటున్నప్పుడూ స్థిరపడతాయి. కాబట్టి నా ఉద్దేశంలో కుబ్జకు మూడు వేర్వేరు వంకరలు లేవు, ఉన్నది ఒక్కటే. రొమ్ము వెనకి పూసలు మితిమీరి వంగితే చూపు నేలపాలవుతుంది. ఎదుటి మనిషి ముఖం చూడాలంటే మెడను వెనక్కి విరవాలి, తూలిపడకుండా ఉండాలంటే నడుమును ముందుకు నెట్టాలి. అదీ చాలనప్పుడు కటి, అంటే తుంటి ఎముకల గూడు, వెనక్కి తిరిగి మోకాళ్లు వంగుతాయి. తాతగారు మోకాలు అని ఉంటే, అది ఎంతోమంది గూనివారిని కళ్లారా చూసి అన్న మాట అయి ఉంటుంది.

శిల్పకళాభిమాని: మోకాలి వాదానికి నాదొక బలం. కృష్ణుడి నిలకడనే త్రిభంగి అంటాం, దాని భంగాలు మెడ, నడుము, మోకాలు. త్రిభంగి ముందుకు త్రివక్ర వచ్చి నిలవడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. తాతగారి మూడో మాట మోకాలే.

ఉపాధ్యాయిని: పోలిక అందంగా ఉంది కానీ ఒప్పుకోలేను. త్రిభంగిలో దేహం కుడి ఎడమలకు ఒరుగుతుంది, డాక్టరుగారు చెప్పిన గూని ముందు వెనకలకు వంగుతుంది. పైగా భంగి అంటే కోరి నిలిచిన నిలకడ.

వైద్యుడు: మీరు చూపిన ఈ తేడానే మేము రోగిని పడుకోబెట్టి పరీక్షిస్తాం. కేవలం నిలిచే తీరు వల్ల వచ్చిన వంపు పడుకుంటే సర్దుకుంటుంది, పూసల ఆకారమే మారినప్పుడు సర్దుకోదు. త్రిభంగిలో వంపును తెచ్చేవీ తిరిగి నిటారు చేసేవీ కండరాలే. వెన్నుకు రెండు వైపులా కటి నుంచి తల వరకు సాగే ఎరెక్టర్ స్పైనే కండరాలు, వాటి అడుగున పూసకూ పూసకూ మధ్య పట్టులా ఉండే మల్టిఫిడస్, ముందు నుంచి దన్నుగా నిలిచే పొట్ట కండరాలు కలిసి పనిచేస్తాయి. మనిషి పూర్తిగా ముందుకు వంగినప్పుడు ఎరెక్టర్ స్పైనే దాదాపు విశ్రమించి, భారమంతా ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్ల మీద పడుతుంది. సగం వంగి రోజంతా నిలిచే గూనివారికి ఆ విశ్రాంతి లేదు, అందుకే వారి వెన్ను కండరాలు త్వరగా అలసిపోతాయి. అటువంటి దేహంతో ఆమె రాజాంతఃపురానికి చందనం మోసిందని తలచుకుంటే నాకు ఆ ఘట్టం మీద గౌరవం పెరుగుతుంది.

ఆయుర్వేద పాఠకుడు: అందరూ ‘త్రి’ని సంఖ్యగానే తీసుకున్నారు. నడుము కిందిభాగానికి శాస్త్రంలో త్రికము అని పేరు. రెండు కటి ఎముకలు, మధ్యన త్రికాస్థి, ఈ మూడూ అక్కడ కలుస్తాయి. త్రికం వద్ద వక్రమైనది త్రివక్ర అని ఎందుకు అనుకోకూడదు? శరీరంలోని ఎముకలను సుశ్రుతుడు 300 అనీ చరకుడు 360 అనీ లెక్కపెట్టిన దేశంలో పౌరాణికుడికి త్రికం తెలియకపోదు.

ఉపాధ్యాయిని: అలాగైతే త్రికవక్ర కావాలి. ఆ ‘క’ రాలిపోవడానికి వ్యాకరణంలో దారి చూపితే సంతోషంగా అంగీకరిస్తాను.

ఆయుర్వేద పాఠకుడు: ఒకే హల్లు దగ్గరదగ్గరగా రెండుసార్లు వస్తే నాలుక ఒకదాన్ని విడవడం వాడుకలో ఉన్నదే కదమ్మా. త్రికవక్రలో ‘క’ ఉంది, ఒక్క అక్షరం దాటగానే ‘క్ర’ ఉంది.

ఉపాధ్యాయిని: వాడుకలో ఉండవచ్చు, కానీ ఆమె ఆ పేరును శ్లోకంలో చెప్పింది. సంఖ్యార్థం సూటిగా కుదురుతుండగా లోపాన్ని ఊహించనక్కరలేదు. ఆధారం కావలసింది మాటలో కాదు, కృష్ణుడు చేసిన పనిలో. ఆయన తన పాదాలతో ఆమె ప్రపదాలను, అంటే పాదాల ముందుభాగాలను, తొక్కిపట్టి, రెండు వేళ్లతో చుబుకం పట్టి పైకెత్తి ఆమెను నిటారు చేశాడు.

వైద్యుడు: కింద కదలకుండా పట్టి పైన లాగడం ఈనాటికీ ఉన్న పద్ధతే. తీవ్రమైన వంకరలకు శస్త్రచికిత్సకు ముందు తలకు లోహపు వలయం బిగించి వారాల తరబడి నెమ్మదిగా లాగుతారు. పాదాలు నేలకు అంటి ఉండగా చుబుకం లేస్తే ముందు మోకాళ్లు చాపుకోవాలి, ఆ తరువాతే లాగుడు వెన్నుకు అందుతుంది.

శిల్పకళాభిమాని: అయితే మోకాలు ఉన్నట్టే!

ఉపాధ్యాయిని: చుబుకం పట్టాడు కనుక మెడ నిశ్చయం. ప్రపదాలు తొక్కినది మోకాళ్ల కోసమా, ఆమె నేల వదిలి పైకి లేవకుండానా అన్నది మూలం చెప్పదు. నా ఓటు ఇప్పటికీ రొమ్ముకే.