లిఫ్ట్‌లో మారేది బరువా, నేల తోసే బలమా?

రవ్వలడ్డు: ఇంటర్ చదివే మా అబ్బాయి “లిఫ్ట్ పైకి వెళ్తే అభిలంబ బలం (నేల మనల్ని పైకి తోసే బలం) పెరుగుతుంది, కిందికి దిగితే తగ్గుతుంది” అని రాశాడు. లెక్చరర్ సున్నా వేశారు. మేమూ అలాగే బట్టీ పట్టాం. తప్పెక్కడ?

పాతమాస్టారు: పైకా కిందికా అన్నది కాదమ్మా, త్వరణం, అంటే వేగంలో మార్పు, ఎటు అన్నదే చూడాలి. 60 కిలోల మనిషిని భూమి లాగే బలం 588 న్యూటన్లు. లిఫ్ట్ పైకి బయల్దేరింది, ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 1 మీటరు చొప్పున పెరుగుతోంది అనుకుందాం. అప్పుడు నేల తోసే అభిలంబ బలం 588కి 60 కలిపి 648. వేగం నిలకడగా ఉంటే మళ్ళీ 588. పై అంతస్తులో ఆగడానికి అంతే చొప్పున వేగం తగ్గుతుంటే 528. ఇంకా పైకే పోతున్నాం, బలం మాత్రం తగ్గింది! దిగేటప్పుడు ముందు 528, ఆగబోతూ 648.

లెక్కలపిచ్చి: ఒప్పుకోను మాస్టారూ. అభిలంబ బలం అంటే బరువుకు ప్రతిచర్యే కదా? ఒక వస్తువు రెండోదాన్ని ఎంత బలంతో తోస్తే రెండోదీ దాన్ని అంతే బలంతో ఎదురు తోస్తుందనే న్యూటన్ మూడో నియమం ప్రకారం రెండూ సమానం. అది పెరిగితే బరువూ పెరిగినట్టే.

పాతమాస్టారు: అందరూ జారేది ఇక్కడే. భూమి మనల్ని లాగితే, దాని జంట మనం భూమిని లాగడం. నేల మనల్ని తోస్తే, దాని జంట మనం నేలను తొక్కడం. 588, 648 రెండూ ఒకే మనిషి మీద పడుతున్నాయి, ఇక జంట ఎలా అవుతాయి? ఎప్పుడూ సమానమే అయితే ఆగి ఉన్న మనిషి కదిలేదెలా?

మూడోఅంతస్తు: ఈ గొడవ తేల్చుదామని వెయింగ్ మిషన్‌తో మా లిఫ్ట్ ఎక్కాను. డిజిటల్‌ది ఒక అంకె చూపించి అక్కడే ఆగిపోయింది. ముల్లు తిరిగే పాతది తెచ్చాక, పైకి బయల్దేరగానే ముల్లు ముందుకు ఎగిరింది, మధ్యలో కుదురుగా ఉంది, ఆగేముందు వెనక్కి జారింది. వాచ్‌మన్ నన్ను చూసిన చూపు సంగతి అడక్కండి.

లెక్కలపిచ్చి: మరి మిషన్ చూపించేదే బరువు కదా? తాడు తెగి లిఫ్ట్ పడిపోతుంటే సున్నా చూపిస్తుంది. దాన్ని పుస్తకమే భారరహిత స్థితి అంటోంది.

పాతమాస్టారు: ఇక్కడ మీతో సగం ఒప్పుకుంటాను, పేరు దగ్గర పేచీ నిజమే. భారం అంటే భూమి లాగే బలం అనుకుంటే తాడు తెగినా 588 పోదు. పోయేది నేల తోపు. అంతరిక్ష కేంద్రం దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతోంది. అక్కడ గురుత్వం తగ్గేది ఇంచుమించు పదో వంతే. అయినా లోపలివాళ్ళు తేలుతున్నారంటే, వాళ్ళతోపాటు ఆ కేంద్రం నేల కూడా పడుతూనే ఉంది కాబట్టి.

రవ్వలడ్డు: మావాడికి చదివి వినిపించాను. “బయల్దేరేటప్పుడు అని రాస్తే సరిపోయేదా?” అంటున్నాడు.

పాతమాస్టారు: సగం మార్కులు. ఆగేటప్పటిది కూడా రాయమనండి.