అప్‌డేట్: డావిన్సీ రిజాల్వ్ (వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్)లో పెదాల కదలికకి, మాటకి పొంతన కుదరని సమస్య తీరింది

జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్. డిజిటల్ మీడియా కోర్సు ప్రాజెక్టు కోసం ఫోన్‌తో తీసిన ఇంటర్వ్యూలో మొదట సరిగ్గానే ఉన్న ఆడియో, క్లిప్ చివరికొచ్చేసరికి వెనకబడుతోందని అడిగాను కదా.

మా ఎడిటింగ్ ల్యాబ్ సార్ ఆ ఫైల్‌ని మీడియాఇన్ఫో (ఫైల్ సాంకేతిక వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్)లో తెరిచి చూపించారు. ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని ఫ్రేములో చెప్పే లెక్క) మోడ్ దగ్గర 'వేరియబుల్', అంటే మారుతూ ఉండేది, అని ఉంది. వెలుతురుని, ప్రాసెసర్ మీద పడే భారాన్ని బట్టి ఫోన్ ఫ్రేమ్ రేట్‌ని కాస్త అటూ ఇటూ మారుస్తుందట. రిజాల్వ్‌లో క్లిప్‌లు పేర్చే టైమ్‌లైన్ మాత్రం ఒకే రేటు అనుకుని లెక్క వేస్తుంది, అందుకే తేడా పోనుపోనూ పెరుగుతుంది. ఇక్కడ ఒకరు ముందే ఇదే అనుమానం చెప్పారు, వారికి దండం!

హ్యాండ్‌బ్రేక్ (వీడియోలు కన్వర్ట్ చేసే సాఫ్ట్‌వేర్)లో వీడియో ట్యాబ్‌లో 30 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 30 ఫ్రేములు), 'కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్' పెట్టి, ఆర్‌ఎఫ్ (క్వాలిటీ సెట్టింగ్) 18తో కన్వర్ట్ చేశాను. కొత్త ఫైల్‌తో చివరిదాకా సింక్ తప్పలేదు. ఫైల్ సైజు పెరిగింది, ఫర్వాలేదు. కట్ చేయకముందే కన్వర్ట్ చేసుకోండి, తర్వాత ఫైల్ మార్చడం పెద్ద తలనొప్పి.

ఇక మిగతా అనుమానాల సంగతి: ర్యామ్‌కి, గ్రాఫిక్స్ కార్డుకి దీంతో సంబంధం లేదు. ఆడియో శాంపుల్ రేట్ (సెకనుకి ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తారో ఆ లెక్క) తేడా కూడా కాదు, క్లిప్‌లోనూ ప్రాజెక్టులోనూ 48 కిలోహెర్ట్జే. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ వల్ల అయితే ఆలస్యం మొదటినుంచీ ఒకేలా ఉంటుంది, ఇలా పెరగదు.