వాయేజర్‌ 1 సరిహద్దు దాటినా అయస్కాంత క్షేత్రం దిశ ఎందుకు మారలేదు?

1977 సెప్టెంబరు 5న బయలుదేరిన నాసా వ్యోమనౌక వాయేజర్‌ 1, 2012 ఆగస్టులో సౌరగోళం (సూర్యుని నుంచి వీచే కణాల ప్రవాహం నిండిన ప్రాంతం) సరిహద్దు దాటి, నక్షత్రాల మధ్యనున్న నక్షత్రాంతర ప్రదేశంలోకి ప్రవేశించిందని నిర్ధారించిన తీరు గురించి నాకొక సందేహం ఉంది. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

దానిలో ప్లాస్మాను (విద్యుదావేశ కణాల వాయువును) కొలిచే పరికరం 1980లోనే పనిచేయడం మానేసింది కనుక, 2012 మార్చిలో సూర్యునిపై జరిగిన విస్ఫోటనాల ప్రభావం ఏడాది తరువాత అక్కడికి చేరి ప్లాస్మాలో కంపనాలు పుట్టించినప్పుడు, ఆ కంపనాలను మరో పరికరం గ్రహించగా, వాటి పౌనఃపున్యం నుంచి ఎలక్ట్రాన్ల సాంద్రతను లెక్కగట్టారు. అది సౌరగోళం లోపలి సాంద్రతకు ఇంచుమించు 40 రెట్లని తేలడంతో, నౌక సరిహద్దు దాటిందని నిర్ధారించారు. ఇంతవరకు బోధపడింది, ఉపాయం నిజంగా మెచ్చదగినది.

అయితే సరిహద్దు వద్ద అయస్కాంత క్షేత్రం దిశ గణనీయంగా మారుతుందని ముందుగా అంచనా వేశారు. అలా జరగలేదు. 2018 నవంబరులో వాయేజర్‌ 2 దాటినప్పుడూ పెద్ద మార్పు కనిపించలేదు. లోపలి క్షేత్రం సూర్యునిది, బయటిది నక్షత్రాంతర ప్రదేశానిది; ఇలా రెండు క్షేత్రాల మూలాలు వేరైనప్పుడు, రెండు చోట్లా దిశలు కలవడం కాకతాళీయమని నమ్మడం కష్టం. బయటి క్షేత్రరేఖలు సౌరగోళాన్ని చుట్టుకొని వంగడమే దీనికి కారణమా, లేక సరిహద్దు వద్ద ఇరువైపుల రేఖలు తెగి ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా? సౌరకుటుంబం అంచున ఉందని భావించే మంచు శకలాల సముదాయమైన ఊర్ట్‌ మేఘాన్ని ఇంకా దాటలేదన్న చర్చ వేరు, దానిని ఇక్కడికి తేవద్దని మనవి. వివరణలో గణితం ఉన్నా అభ్యంతరం లేదు.